గడ్డపారతో తీసిన తలుపు

ఫైర్‌స్టేషన్‌లో పనిచేసేవాడంటే జనానికి నీళ్ల పైపే గుర్తొస్తుంది. నా కుడి భుజం మాత్రం గడ్డపారను, సమ్మెటను మరిచిపోదు. పొద్దున చొక్కా తొడుక్కోవడానికి కూడా ఇప్పుడు సతాయిస్తుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఎటు పోయినా కొత్త ఇళ్లు, టేకు తలుపులు, కిటికీలకు ఇనుప గ్రిల్లులు. దొంగలు రావద్దని పెట్టించుకున్నవే. లోపల పొగ నిండిన రోజు వాటితో కుస్తీ పట్టేది మేము.

మొన్న ఎండాకాలం మధ్యాహ్నం కథలాపూర్ దగ్గర అలాంటి ఇంటికే పోయాం. ఇన్వర్టర్ కాలి పక్కనున్న పరుపు అంటుకుంది. ఇంటావిడ జ్వరం గోళీ వేసుకొని, లోపల గడియ పెట్టుకొని పడుకుందట. ఎంత పిలిచినా పలకడం లేదు. వాకిట్లో ఆమె మరిది ఫోన్‌ను తలుపు వైపు తిప్పి పట్టుకున్నాడు. వీడియో కాల్‌లో, దుబాయిలో పనిచేసే ఆమె భర్త.

తలుపు మీద నెమళ్లు చెక్కి ఉన్నాయి. తలుపుకూ దర్వాజ చట్రానికీ మధ్య గొడ్డలి అంచు పెట్టి సమ్మెటతో కొట్టాను. సందు పడ్డాక గడ్డపార దూర్చి ఒంటి బరువంతా వేశాను. కిర్రుమంది గాని కదల్లేదు. ఇంత గట్టి చెక్క ఎందుకు పెట్టించావయ్యా అని ఫోన్‌లో ఉన్నాయన్ని మనసులోనే తిట్టుకున్నాను. ఇంటి వెనక మా స్టేషన్‌వాడొకడు పొడుగు కొక్కెంతో కిటికీ అద్దాలు పగలగొడుతున్నాడు. పొగ పోవడానికి దారి కావాలి కదా.

"తలుపు పోయింది సాలదా? అద్దాలు గూడ ఎందుకు పలగ్గొడ్తుండ్రు?" అన్నాడు గుంపులో ఒకాయన. ప్రతి ఊళ్లో అడిగేదే. నేను గడ్డపార మీంచి చెయ్యి తీయలేదు.

"సార్, తలుపు సంగతి సూడకుర్రి. ముక్కలు చెయ్యిర్రి. ఆమెను తీస్కరార్రి" అని ఫోన్‌లోంచి భర్త గొంతు.

చివరికి గడియ ఊడింది. పాకుతూ లోపలికి పోతే మంచం పక్కన నేల మీద దొరికింది. వాకిట్లోకి తెచ్చి పడుకోబెట్టాక కాసేపటికి దగ్గింది. ఆ దగ్గు వినగానే మెట్ల మీద కూలబడ్డాను. ఏడుపు కూడా వచ్చింది.

ఆమెను అంబులెన్స్ ఎక్కించాక మరిది ఫోన్ నా చేతికిచ్చాడు. విరిగిన తలుపు వైపు చూసి, "మంచి టేకు తలుపు తమ్మీ, పాడైపోయింది" అన్నాను.

"నేనింకా దాన్ని ముట్టి సూడలే సార్" అన్నాడాయన. "ఇల్లు కట్టుడంత ఫోన్లనే సూసిన. కంపెనీల ఛుట్టీ దొరకలే. గా ఇంట్ల నాకంటె ముందుగాల మీరే అడుగు వెట్టిండ్రు."