కోళ్ళ పంక్తిలో రొయ్యపొట్టు

నరసరావుపేట కాలేజీలో నేను రసాయనశాస్త్రం బోధించే రోజుల్లో, మా పక్కింటి పిన్ని పెరట్లో రేకుల షెడ్డు వేసి తెల్లకోళ్ళు పెంచేది. గడ్డీ పురుగూ ఎరగక, జొన్ననూకలూ తవుడూ తిని బతికే ఆ కోళ్ళ గుడ్లలో పచ్చసొన బాగా పాలిపోయి ఉండేది. ఆ గుడ్లన్నీ కొనేది ఒక్కడే, కాలేజీ పిల్లలకు భోజనం పెట్టే మెస్ యజమాని. ఆయన ఒకనాడు వచ్చి, “సొన ఎక్కడుందో వెతుక్కోవాల్సొస్తందక్కా. ఈ నెల చూస్తా, ఆపైన ఇంకోచోట తీసుకుంటా” అని తేల్చేశాడు. ఆ బేరం పోతే పిన్నికి షెడ్డు పోయినట్టే.

పరిష్కారం లారీలో వచ్చింది. మాచర్ల నాపరాళ్ళను బాపట్ల వైపు చేరవేసే ఎదురింటి మామయ్య, సముద్రపు ఒడ్డున రొయ్యలు ఒలిచే షెడ్లవాళ్ళు పారబోసే తలలూ పొట్టూ ఎండినవి ఒక గోతాం నింపుకొచ్చాడు. గోతాం దిగేసరికి వీధిలోని పిల్లులన్నీ మా అరుగు మీద కొలువుతీరాయి.

“దీన్ని దంచి మేతలో కలపండి. సొన మిరప్పండులా ఎర్రబడుద్ది. కోడి పూటకో గుడ్డు పెడద్ది” అన్నాడు మామయ్య.

“ఒక్క గుడ్డు తయారు కావడానికే రోజు పైన పడుతుంది మామయ్యా” అన్నాను.

“నీ పుస్తకంలో కోడికి అట్టా పడుద్దేమో. రొయ్య తిన్న కోడిని నువ్వు చూశావా?”

చూడలేదు. అందుకే పరీక్షించాలన్నాను. రొయ్యపొట్టులో ఎర్రని వర్ణపదార్థం ఉన్నమాట నిజం. కనుక సొన సంగతి నమ్మదగినదే. కానీ నమ్మదగినదంతా రుజువైనట్టు కాదు. షెడ్డు మధ్యలో పాతచీర కట్టి కోళ్ళను రెండు జట్లుగా విడదీశాను. ఒక జట్టుకు పొట్టు కలిపిన మేత, రెండోదానికి మామూలు మేత, మిగిలినవన్నీ సమానం.

రెండు వారాలకు సొన ఎర్రబడింది, చీరకు రెండువైపులా. నీటిని అనుమానించాను, తవుడును అనుమానించాను, చివరకు పిన్నిని అడిగాను.

“ఏందే అట్టా చూస్తావు? ఒకే కప్పు కింద కూర్చోబెట్టి, వాటికి వడ్డించి వీటికి వడ్డించకుండా ఎట్టా పోయేది? పంక్తిభేదం మహాపాపం!”

“అవి కోళ్ళు పిన్నీ.”

“కోళ్ళయితే కళ్ళు లేవా? చీర సందులోంచి చూస్తా ఉంటే నా చెయ్యి ఆగలా.”

అదే సమయానికి మెస్ యజమాని వచ్చాడు. ఒక గుడ్డు పగలగొట్టి చూసి, రొయ్యపొట్టు మేపుతున్నామని పిన్ని చెప్పినా మొహం చిట్లించాడు. “కొందరు సూదితో రంగెక్కిస్తన్నారని చెప్పుకుంటన్నారు. అమ్మాయ్, సైన్సు చదివినదానివి, నువ్వు చెప్పు. ఇది పొట్టు మహిమేనా?”

ఒప్పుకోమని పిన్ని కళ్ళతోనే బతిమాలింది.

“పెంకు మీద సూదిబెజ్జం లేదని చెప్పగలను. పొట్టువల్లనే అని మాత్రం చెప్పలేను. పోల్చి చూడటానికి పొట్టు తినని కోడి ఒక్కటీ మిగల్లేదు.”

“దీన్ని చదివించినోళ్ళననాలి!” అంది పిన్ని.

ఆమె బేరం నా నోటివల్లే పోయేటట్టుంది. రెండు కోళ్ళను తీసుకెళ్ళి ఉత్త మేతతో పెంచి చూడమని ఆయనను ఒప్పించాను. సొన మళ్ళీ పాలిపోతే ఎరుపుకు కారణం పొట్టేనని తేలుతుంది. ఆయన ఒక్కో చంకలో ఒక్కో కోడిని ఇరికించుకుని వెళ్ళాడు.

కొన్నాళ్ళకు ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

“గుడ్లేవండీ?” అన్నాను.

“కోళ్ళే లేవమ్మా. గురజాల నుంచి మా బామ్మర్ది దిగాడు. నేను మెస్‌లో ఉండగా ఇంట్లో కోసేశారు.”

పిన్ని గడప మీద చతికిలబడింది.

“కూర మాత్రం చానా బాగుందక్కా. రొయ్య తిన్న కోడి రుచే వేరని మా బామ్మర్ది ఒకటే పొగడటం. గుడ్లన్నీ నాకే పంపు. గుడ్లు మానేసిన కోళ్ళు గూడా ఇంకెవరికీ ఇయ్యబాక.”

“రొయ్య తినని కోడిని కూడా పక్కన పెట్టుకుని మీ బామ్మర్దిగారు రుచి...” అని నేను మొదలుపెట్టానో లేదో, పిన్ని లేచి వచ్చి పొట్టు దంచిన చేత్తో నా నోరు మూసింది.