పాటల పుస్తకంలో పన్నెండు మాటలు

ఇది మా తమ్ముడు చదువుతాడని తెలిసే రాస్తున్నాను. చదవనీ.

బందరులో గిల్టు నగల షెడ్డులో పదహారేళ్ళు పనిచేశాను. రాగి గొలుసులకి బంగారు పూత పట్టించడం, కడగడం, ఆరబెట్టడం. షెడ్డు వేరేవాళ్ళది, మిషన్లూ వేరేవాళ్ళవే. గొలుసులు అల్లే మిషను ఒకటి సొంతంగా కొని, మా ఇంటి వెనక రేకుల కింద పెట్టుకోవాలని నా కోరిక. దానికోసం దాచుకున్న దాంట్లో సగం క్రిప్టోలో, అంటే ఫోనులో కొనే డిజిటల్ డబ్బులో, పెట్టాను. ఎవరో చెప్తే పెట్టలేదు. నాలుగు నెలలు ఫోనులో చదివి, అర్థమైనంత మేరకే పెట్టాను.

తమ్ముడిది గుడివాడ. ఇన్సూరెన్సు ఏజెంటు, ఇంగ్లీషు మీడియంలో డిగ్రీ చదివాడు. సంగతి తెలిసిన రోజు మా ఇంట్లో అన్నం తింటూ, "గిల్టు పని చేసీ చేసీ, చివరికి డబ్బు కూడా గిల్టుదే కొన్నావా అక్కా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పెరుగు వెయ్యకుండా గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

మొదట్లో నేను కొన్నదంతా ఎక్స్ఛేంజి యాప్‌లోనే ఉంచాను. ఎక్స్ఛేంజి అంటే కొనడానికీ అమ్మడానికీ ఉన్న కొట్టు లాంటిది. మనం కొన్నది వాళ్ళ దగ్గరే ఉంటుంది, మన పేరు మీద అంకె మాత్రం కనిపిస్తుంది. అందులో చేరడానికే నెల పట్టింది. బ్యాంకు పాస్‌బుక్కులో నాది పుట్టింటి ఇంటిపేరు, పాన్ కార్డులో అత్తింటిది. రెండూ ఒకే మనిషివని ఒప్పించడానికి బ్యాంకు చుట్టూ తిరిగాను. మగాళ్ళకి ఈ బాధ ఉండదు కాబట్టే ఈ ఫారాలు ఇలా తయారయ్యాయని కౌంటర్లో ఆయనతో అన్నాను. ఆయన తల ఎత్తకుండానే స్టాంపు వేశాడు.

అవనిగడ్డలో మా పిన్ని కూతురు ఉంది, అంగన్‌వాడీ టీచరు. నన్ను చూసి తనూ కొంచెం కొంది, కానీ వేరే ఎక్స్ఛేంజిలో. ఒకరోజు ఫోను చేసి, "అక్కా, డబ్బు తీద్దామంటే మెయింటెనెన్స్ అని వస్తోందే" అంది. వారం తర్వాత కూడా అదే మాట. నెల తర్వాత కూడా అదే. అంకె కనబడుతూనే ఉంది, చేతికి మాత్రం రాదు. దానికి ఈ దారి చూపించినదాన్ని నేనే. ఆ నెలంతా అవనిగడ్డ నుంచి ఫోను మోగితే ఎత్తడానికి వెనకాడేదాన్ని.

అప్పుడే నాది నా దగ్గరే ఉండాలని నిశ్చయించుకున్నాను. ఫోనులో సొంత వాలెట్, అంటే కొన్నది మనమే దాచుకునే యాప్, పెట్టుకున్నాను. దానికి ఆఫీసు లేదు, మేనేజరు లేడు, ఇంటిపేరు అడగదు. పన్నెండు ఇంగ్లీషు మాటలు చూపించి, వీటిని వరసగా రాసుకో, ఫోను పోయినా ఇవుంటే చాలు, ఇవి పోతే మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరు అంటుంది. ఎక్స్ఛేంజి నుంచి ముందు కొంచెం పంపి చూశాను. అది చేరాక, వాలెట్ అడ్రసు మొదటి అక్షరాలూ చివరి అక్షరాలూ రెండుసార్లు సరిచూసుకుని మిగతాది పంపాను.

ఆ పన్నెండు మాటలూ చర్చి క్వయర్ పాటలు రాసుకునే పుస్తకంలో, వెనక పేజీలో రాశాను. తెలుగు అక్షరాల్లోనే. నేను తెలుగు మీడియం. మా క్వయర్లో సగం మందిమి అంతే. క్రిస్మస్‌కి ఇంగ్లీషు పాటలు పాడాలంటే పాస్టరమ్మగారు పలికినట్టే తెలుగులో రాసుకుంటాం, పాడేస్తాం. ఇన్నేళ్ళలో ఎవరూ తప్పు పట్టలేదు. ఈ మాటలూ అలాగే పైకి చదువుకుని, వినబడినట్టు రాసుకున్నాను.

గుడివాడలో ఒకాయన మంచి గొలుసు మిషను అమ్ముతున్నాడని ఆ తర్వాత తెలిసింది. వెళ్ళి చూశాను, నడిపి చూశాను. "శనివారం దాకా ఆగుతానండీ, ఆ తర్వాత వేరేవాళ్ళకి ఇచ్చేస్తా" అన్నాడు. ఆ శనివారానికి ముందు సోమవారం, షెడ్డులో వంగి గొలుసులు ముంచుతుంటే ఏప్రాన్ జేబులోంచి ఫోను జారి పూత తొట్టిలో పడింది. తీసేసరికి తెర నల్లబడింది. పక్కనున్నవాళ్ళు, ఫోనుకి కూడా గిల్టు వేశావా అని నవ్వారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వాను. పన్నెండు మాటలు ఉన్నాయి కదా, నాకేం భయం.

కొత్త ఫోను, అదే నంబరుతో కొత్త సిమ్ము తీసుకుని మంగళవారం గుడివాడ వెళ్ళాను. మిషను ఆయనకి మాట ఇవ్వాలి, పనిలో పనిగా తమ్ముడి ఆఫీసులో కూర్చుని వాలెట్ తెరవాలి. పాటల పుస్తకం ముందు పెట్టుకుని మాటలు కొట్టాను. మూడు నాలుగు అక్షరాలు కొడితే మిగతా మాట అదే చూపిస్తుంది. పన్నెండూ అయ్యాయి. మాటలు సరిగా లేవు అని వచ్చింది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ అదే. తమ్ముడు కుర్చీ దగ్గరికి లాక్కుని, "నేను కొడతా జరుగు" అన్నాడు. వాడు కొట్టినా అదే.

"ఇంగ్లీషు మాటలు తెలుగులో రాసేవాళ్ళని ఎక్కడైనా చూశామా అక్కా? పోయింది, వదిలెయ్" అన్నాడు. మళ్ళీ వాడే, "ఉండు, ఫోటో తీసి నా దగ్గర పెడతా, తీరిగ్గా చూస్తా. ఇలాంటివి నీ దగ్గర ఉండకూడదు" అంటూ ఫోను తీశాడు. పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టాను. "నా దగ్గర కాక ఎవరి దగ్గర ఉండాలి?" అన్నాను. పుస్తకం సంచిలో పెట్టుకుని బస్టాండుకి నడిచాను. మిషను ఆయన దగ్గరికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు.

బస్సులో ఏడుపు వచ్చింది. డబ్బు కోసమే కాదు, వాడి మాట నిజమవుతుందేమోనని. పెడనలో మనుషులు దిగారు, ఎక్కారు. కండక్టరు తలుపు మీద కొట్టి, "రైట్, రైట్" అన్నాడు. బస్సు కదిలింది. నా మనసు మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయింది. నా పుస్తకంలో తొమ్మిదో మాట రైట్. నేను కొట్టింది ఈ కండక్టరు రైటే. తమ్ముడు కొట్టిందీ అదే. కానీ బడిలో టీచరు పలక చేతికిచ్చి రైట్ అనేది ఇంకోటి ఉంది. రాయమనడం. ఇంగ్లీషులో రెండూ వేరు. చెవికి ఒకటే, నా పుస్తకంలోనూ ఒకటే.

బందరు వచ్చేదాకా ఆగలేకపోయాను. పక్కావిడకి కనబడకుండా పైట అడ్డం పెట్టుకుని పన్నెండూ మళ్ళీ కొట్టాను. తొమ్మిదో దగ్గర రాయమనే రైట్ పెట్టాను. చిన్న చక్రం తిరిగింది. తెరుచుకుంది. ఉన్నదంతా అలాగే ఉంది. పక్కావిడ నా మొహం చూసి, "ఏమ్మా, మంచి కబురా?" అంది. అవునన్నాను.

ఇంటికి వెళ్ళగానే కొత్త వాలెట్ పెట్టి, కొత్తగా పన్నెండు మాటలు తీసుకుని, ఉన్నదంతా అందులోకి మార్చుకున్నాను. పాతవి తమ్ముడు చూశాడు. వాడు దొంగ అని కాదు, చూసినవి చూసినవే. మిషనుకి కావలసినంత ఎక్స్ఛేంజికి పంపాను, ముందు కొంచెం, చేరాక మిగతాది. అమ్మాను. పన్ను కింద కొంత ఎక్స్ఛేంజివాళ్ళే పట్టుకున్నారు. బ్యాంకుకి విత్‌డ్రా పెట్టాను. పరిశీలనలో ఉంది అని వచ్చింది. బుధవారం, గురువారం అదే మాట. పిన్ని కూతురు గుర్తొచ్చి అన్నం సహించలేదు. శుక్రవారం పొద్దున క్వయర్ ప్రాక్టీసులో ఉండగా బ్యాంకు మెసేజీ వచ్చింది. ఆ పాటలో నా గొంతు అందరికన్నా పైన వినబడిందని తర్వాత అన్నారు.

పిన్ని కూతురిది ఇప్పటికీ రాలేదు. ఆ మాట దాచను. ఫిర్యాదులు ఇద్దరం కలిసే పెడుతున్నాం.

శనివారం మిషను ట్రాలీ ఆటోలో మా ఇంటికి వచ్చింది. తమ్ముడే దగ్గరుండి ఎక్కించి తెచ్చాడు, అది ఒప్పుకోవాలి. రేకుల కింద దింపాక, చెమట తుడుచుకుంటూ చాలాసేపు మిషను చుట్టూ తిరిగాడు.

"ఇంతకీ తప్పెక్కడ దొరికింది అక్కా?"

"బస్సులో" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. "పోనీ, ఆ కొత్త మాటలైనా సరిగ్గా రాశావా? ఎక్కడ రాశావు?" అన్నాడు.

మిషను స్విచ్చి వేశాను. మొదటి గొలుసు బయటికి రావడం మొదలైంది.

"తెలుగులో" అన్నాను.