ఇసకలో మావయ్య అంబాసిడర్

2012లో నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం. శ్రీకాకుళంలో మా మావయ్యకు పెళ్లిళ్లకు తిప్పే తెల్ల అంబాసిడర్ ఉండేది. ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తుంటే, చెప్పకుండా దాన్ని తీసుకుని ముగ్గురం కలింగపట్నం బీచ్‌కి వెళ్లాం. మర్నాడు ఉదయమే అందులో పెళ్లికొడుకు ఎక్కాలి.

స్నేహితులిద్దరూ డ్రాయర్లతో సముద్రంలో దిగగానే, వాళ్ల ప్యాంట్లు డిక్కీలో పడేసి, కారును ఒడ్డు వెంట పోనిచ్చాను. వాళ్లు బూతులు తిడుతూ వెనక పరుగెత్తారు. నా నవ్వు ఆగేలోపే కారు ఆగింది. చక్రాలు ఇసకలో దిగబడ్డాయి. పోటు మొదలై అలలు బంపర్ని తాకుతున్నాయి.

అక్కడ వలలు ఆరేస్తున్న మత్స్యకారులు, ఆడా మగా అంతా పరుగున వచ్చారు. ఆడవాళ్లను చూసి మావాళ్లు కారు చాటున నక్కారు. ఒక పెద్దావిడ పడవలు లాగే మోకును కారుకు కట్టించింది.

"సిగ్గు తరవాత పడుదురు గానీ, ముందు తాడట్టుకోండర్రా. ఒరే పేంటున్నోడా, సూస్తావేటి? నీళ్లలో దిగి తొయ్యి."

పడవకు వేసినట్టే చక్రాల కింద దుంగలు వేశారు. ఆవిడ కేకకు అందరూ ఒక్క ఊపున లాగేవారు. నాలుగు కేకల్లో కారు గట్టెక్కింది. స్టీరింగ్ ముట్టకుండా కారు నడిపిన మనిషిని ఆవిడను తప్ప ఇంకెవరినీ నేను చూడలేదు.

ఆవిడ చేపల గంపతో ముందు సీట్లో కూర్చుని, "బజారు కాడ దింపీ నాయనా" అంది. అంతకుమించి ఏమీ అడగలేదు.

మర్నాడు పెళ్లికొడుకు దారంతా ముక్కు మూసుకున్నాడట. "కార్లో ఏటిరా ఈ కంపు?" అని మావయ్య నిలదీస్తే, చేపల గంప ఎక్కించానని సగం నిజం చెప్పి తిట్లు తిన్నాను. మిగతా సగం, ఈ పత్రికను అట్ట నుంచి అట్ట దాకా చదివే మావయ్యకు ఇవాళ తెలుస్తుంది.