రెండు ముళ్ళూ ఒకే అబద్ధం చెప్పిన రోజు

మా బండ్లకు వైరింగ్ చేసే మేస్త్రీ మొన్న పొద్దున గుండె ఆగి పోయారు. మదీనాగూడ అడ్డా మీద ఆ కబురు ముందుగా చెప్పింది నేనే. ఒక్కడూ నమ్మలేదు. "పొద్దుగాల్నే గిదేం పరాచికం రా? నీ నాలుకకు వాత వెట్ట!" అని ఒక డ్రైవరన్న మీదికొచ్చాడు. నాకున్న పేరు అలాంటిది మరి. చివరికి వాళ్ళబ్బాయికి ఫోన్ కలిపి వినిపించాల్సి వచ్చింది.

ఆయనది గోదావరి వైపు. స్క్రూడ్రైవర్ చేతిలోంచి జారినా దాన్ని "ఆగండి" అనేవారు. నేను ఊరుకుంటానా? ఒకసారి టెంపరేచర్ మీటర్ వైరు నేనే పీకి, "మీటర్ పని చేస్తలేదు మేస్త్రీ, జర చూడు" అని బండి తెచ్చాను. ఆయన చూశారు, చాయ్ తాగారు, వైరు తగిలించి పంపేశారు. బయల్దేరి బ్రేక్ తొక్కితే హారన్ మోగింది. నల్లగండ్ల దాకా తొక్కినప్పుడల్లా మోగించుకుంటూ పోయాను. మర్నాడు నన్ను చూసి, "పరీక్ష పాసయ్యానా అండి?" అన్నారు.

మీటర్లు మొరాయిస్తే చాలామంది ముందు కొత్తవి కొనమంటారు. ఆయన మాత్రం, "ఒక్క ముల్లే తప్పుతోందా, అన్నీ కలిసి తప్పుతున్నాయా?" అని అడిగేవారు. ఒక్కటే అయితే దాని వైరు పట్టుకుని కొసదాకా పోయేవారు. అన్నీ కలిసి తప్పితే ఏంటో నాకు ఉద్యమం రోజుల్లో తెలిసింది.

ఆ రోజు బంద్. హైవే మీద వంటావార్పూ. నడిరోడ్డు మీదే వండుకుని తిని మా తెలంగాణ అడగడం. బియ్యం, పప్పు, గంగాళాలు నా పాత పికప్‌లో ఉన్నాయి. అక్కడ జనం పొయ్యిలు పేర్చుకుని ఎదురుచూస్తున్నారు. మదీనాగూడ దాటకముందే టెంపరేచర్ ముల్లు ఎరుపులోకి ఎక్కింది. అలాగే పోతే ఇంజిన్ పట్టేస్తుంది. నా ఇల్లు నడిపేది ఆ బండి ఒక్కటే. ఆపితే అంతమందికీ పస్తు.

ఆపి ఫోన్ చేశాను. "మేస్త్రీ, ముల్లు ఎర్రగీత మీదికి వోయింది. వస్తవా?"

"వస్తానండి. రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోకండి."

ఆటోలు లేవు. కూకట్‌పల్లి నుంచి సంచి భుజాన వేసుకుని నడిచే వచ్చారు. దారిలో మావాళ్ళు, "ఏంది పెద్దమనిషీ, బందని తెల్వదా?" అని ఆపితే, "మీ అన్నం బండే ఆగిందండి" అన్నారట. వెంటనే వదిలేశారట.

అప్పటికి ఇంజిన్ చల్లారిపోయింది. అయినా తాళం తిప్పగానే ముల్లు మళ్ళీ ఎరుపులోకే పోయింది. ఆయన చల్లగా ఉన్న రేడియేటర్ పైపు పట్టుకుని చూసి నవ్వారు.

"డీజిల్ ఎంతుందండి?"

"సగం."

"ముల్లు ఫుల్లంటోంది చూడండి."

ఎరుపు తప్ప నాకేం కనబడింది గనక! ఆయన ఇండికేటర్ వేశారు. అది కొట్టుకున్నప్పుడల్లా రెండు ముళ్ళూ కలిసి ఎగిరాయి.

"ఇద్దరూ ఒకేసారి ఒకే అబద్ధం చెబుతున్నారంటే, వెనకాల ఇంకెవడో ఉన్నాడండి."

"ఉంటడు. మీ ఆంధ్రోడే ఉంటడు."

"తుప్పండి," డ్యాష్‌బోర్డు కిందనుంచి గొంతు వినిపించింది. "దానిది ఏ జిల్లానో మీరే కనుక్కోండి."

మీటర్లన్నిటినీ కలిపి బండి బాడీకి బిగించే ఎర్త్ వైరును స్క్రూ దగ్గర తుప్పు తినేసింది. గీకి, లావుపాటి వైరు వేశారు. ముళ్ళు రెండూ బుద్ధిగా దిగి ఎవరి చోట అవి నిలబడ్డాయి. సంచి సర్దుకుని వెనక్కి తిరిగారు.

"ఏడికి మేస్త్రీ? ఎక్కు, తినిపోదువు."

"అక్కడ నేనెందుకండి?"

"బండి మళ్ల ఆగితే నేనేం జెయ్యాలె?"

ఆగదని ఇద్దరికీ తెలుసు. ఎక్కారు.

వంట కాగానే హైవే మీద అందరినీ వరసగా కూర్చోబెట్టి బంతి వేశారు. ఆయన కొసన, చేతులు వెనక్కి దాచుకుని కూర్చున్నారు. వంటచేసిన అవ్వ చూడనే చూసింది. "గా చేతులతోటి తింటవా బిడ్డా? ఇటు వట్టు" అని చెంబు వంచింది. మేస్త్రీ దోసిలి పట్టారు. తుప్పూ గ్రీజూ కలిసిన నీళ్ళు తారు మీద పారుతుంటే, అరచేతుల గీతలన్నీ తేటపడేదాకా అవ్వ పోస్తూనే ఉంది.