ఉట్నూరు దయ్యం ఫట్‌ఫటి

ఆ రోజుల్లో మూఢనమ్మకాలన్నింటినీ వచ్చే దసరాలోపు ఊడ్చేయగలమని మాకు గట్టి ధీమా ఉండేది. (ఎన్ని దసరాలు గడిచాయో అడగకండి.) నేను ఖానాపూర్‌లో కొత్తగా చేరిన బడిపంతుల్ని. ప్రతి ఆదివారం పటేలుగారి చావడిలో మా తర్కసభ జరిగేది. వానొస్తే తలదాచుకునేవాళ్లు కాక, తప్పకుండా వచ్చేది మేమిద్దరమే: నేను, రుజువన్న. ఎవరేం చెప్పినా "రుజువేది?" అని నిలదీస్తాడు కనుక ఊరు అతనికి పెట్టిన పేరది.

ఉట్నూరులో ఒక అడవి కాంట్రాక్టరు మిలిటరీవాళ్లు వదిలేసిన పాత మోటారుసైకిల్ మీంచి పడి చచ్చిపోయాడు. దాన్ని దయ్యం పట్టిందన్నారు. పాత ఇనుము కొనేవాడు కూడా ముట్టలేదు. అంత చవకగా బండీ, అంత చక్కటి వాదమూ ఒకేసారి దొరుకుతుంటే ఎవరు వదులుకుంటారు? నేను కొన్నాను. "తీస్కపో సారూ, మళ్ల వాపస్ మాత్రం తేకు," అని కాంట్రాక్టరు తమ్ముడు దణ్ణం పెట్టాడు. ఎడ్లబండి మీద దిగిన నా ఫట్‌ఫటిని చూసి ఇంట్లో మా అవ్వ గడపలోనే కూలబడింది.

ఎండాకాలమంతా నేనూ రుజువన్నా దాన్ని విప్పాం, తోమాం, బిగించాం. పొగగొట్టంలో కందిరీగలు కట్టిన మట్టిగూడు తప్ప ఏ దయ్యమూ కనబడలేదు. అంతా బిగించాక కొన్ని మరలు మిగిలాయి. (అవి అనవసరమైనవని చర్చించి, ఏకగ్రీవంగా తీర్మానించాం.)

"బిడ్డా, చక్రం కింద జర నిమ్మకాయ పెట్టనియ్యి," అని అవ్వ బతిమాలింది. నేను ఆమెకు ఉపన్యాసమిచ్చాను. ఆ ఉపన్యాసం వీధిలోకి వినబడి పటేలుగారు వచ్చారు. "అంగడినాడు అందరి ముందట నడిపియ్యి పంతులూ. నిమ్మకాయ లేకుంట నడిస్తే చావడి తాళంచెవి నీకే ఇస్త. నడవకుంటే నీ సభ బంద్!" అన్నారు. సరేనన్నాను.

వారం సంత జరిగే అంగడి రోజు ఊరంతా చావడి ముందు మూగింది. రుజువన్న ముందుచక్రం దగ్గర హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాడు. నేను తన్నాను. అది ఎదురు తన్నింది. "ఏంది సారూ, గది నిన్ను తంతున్నది!" అని ఎవరో అరిచారు. నా చొక్కా తడిసిపోయింది, సభ కళ్లముందే మూతపడుతోంది. ఇంకో తన్నుకు బాంబు పేలినట్టు మోగి, బండి ఎగిరి దూకింది. ఉల్లిగడ్డల కుప్పలు దాటాను, అంగడంతా చుట్టాను. చావడి దగ్గర బ్రేకు తొక్కితే అది పడలేదు. (అప్పుడు గుర్తొచ్చాయి మిగిలిన మరలు.) గడ్డివాములో దూరి ఆగాను.

గడ్డి దులుపుకోకుండానే అరిచాను: "చూసిండ్రా! నిమ్మకాయ లేదు, కొబ్బరికాయ లేదు!"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పటేలుగారు బండి బయల్దేరిన చోట వంగి, దుమ్ములోంచి ఏదో రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నారు. చితికిన నిమ్మకాయ. "మరి గిదేంది పంతులూ?"

అవ్వ వైపు తిరిగాను.

"నా దిక్కేం చూస్తవ్ రా? నేను పెడితే చెప్పే పెడుత. నాకేం సిగ్గా?"

అక్కడ సిగ్గుపడుతున్న మనిషి ఒక్కడే కనిపించాడు. రుజువన్న! దయ్యం స్వయంగా ఎదురై నమస్కారం పెట్టినా అంతగా బిత్తరపోయేవాణ్ణి కాదు.

"దయ్యం లేదు తమ్మీ, నాకెరికే," అన్నాడు నేల చూస్తూ. "గని ఆ మరలు మిగిలినయి గద. నీకేమన్న అయితదేమోనని పానం ఆగలే."

పటేలుగారు కడుపు పట్టుకుని నవ్వారు. "గీ తాళంచెవి నీకియ్యాల్నా, నిమ్మకాయకియ్యాల్నా? ఆదివారం సభల మీరిద్దరే తేల్చుండ్రి. నేను గూడ వస్త," అని తాళంచెవి నా జేబులో పడేశారు. ఆ ఆదివారం వాన లేకుండానే చావడి నిండిపోయింది. రుజువన్నను గంటసేపు చీల్చి చెండాడాను. "భయం రుజువు కాదు!" అని గర్జించాను. అతను తలవంచుకుని అన్నీ ఒప్పుకున్నాడు, మర్నాడు వచ్చి మిగిలిన మరలన్నీ ఒక్కొక్కటిగా బిగించాడు.

ఆ ఫట్‌ఫటి ఎప్పుడో పాత ఇనుములోకి పోయింది. రుజువన్నా లేడు. నా వాదంలో ఇప్పటికీ ఒక్క అక్షరం మార్చను. కానీ ఏ బండెక్కినా ముందు వంగి చక్రం కింద చూస్తాను. నిమ్మకాయ ఉంటే తీసి పారేయడానికే. ఏమీ కనబడకపోతే మాత్రం, నా కోసం భయపడేవాళ్లు ఊళ్లో ఒకరు తగ్గారనిపించి, నన్ను చూసి నేనే నవ్వుకుని బండెక్కుతాను.