ఎర్రగుడ్డ కట్టని గొలుసు

పోలరాజు క్రేన్ కింద బరువులకు గొలుసులు తగిలించే ఖలాసీ. హిందీ ఊళ్ళో తెలుగు కూలీలుండే బస్తీ సీతారాండేరాలో అతని మాట విన్నవాళ్ళు తక్కువ, ఇనుము కార్ఖానాలో బరువు లేచేముందు అతను ఊదే ఈల విన్నవాళ్ళు ఎక్కువ. డ్యూటీ ఎక్కగానే గొలుసును కడియం కడియంగా వేళ్ళతో తడిమి చూసేవాడు. ఎక్కడైనా చీలిక తగిలితే నడుముకు దోపుకున్న ఎర్రగుడ్డ తీసి దానికి కట్టాలి. ఎర్రగుడ్డ కట్టిన గొలుసును ఇక ఎంత పెద్దవాడు చెప్పినా ఎవరూ ముట్టుకోరు. ఖలాసీలకు అదొక్కటే చట్టం.

తొమ్మిదేళ్ళ కిందట ఒకరోజు పోలరాజు ఆ గుడ్డ కట్టలేదు. చీలిక చూశాడు, గుడ్డ బయటికి తీశాడు కూడా. కూలీలను పెట్టి పని చేయించే ఠేకేదారు వచ్చి "బస్, ఏక్ లిఫ్ట్" అన్నాడు, ఒక్కసారి ఎత్తితే చాలన్నట్టు. పోలరాజు గుడ్డను మళ్ళీ నడుముకు దోపుకున్నాడు. ఆ ఒక్క లిఫ్టుకే గొలుసు తెగి, జోడీగా పనిచేసే నీలకంఠం పోయాడు. నీలకంఠమే తాగి, ఈల వినిపించుకోకుండా బరువు కిందికి వెళ్ళాడని ఠేకేదారు కాగితం రాయించాడు. సాక్షిగా పోలరాజు వేలిముద్ర వేశాడు. అప్పటినుంచి నీలకంఠం భార్య సూరమ్మ ఇడ్లీలు అమ్మడానికి ఇంటిముందు పెట్టిన పొయ్యి దగ్గరే పొద్దున పూట తింటున్నాడు. ఆమెకు బొగ్గు మోసుకొచ్చి పడేస్తున్నాడు. చెప్పాల్సింది మాత్రం నోటిదాకా వచ్చి వెనక్కి పోతోంది.

అలా ఉండగా 1979 జూలై వచ్చింది. అమెరికా అంతరిక్ష సంస్థ పైకి పంపిన స్కైలాబ్, ఇల్లంత ఇనుము, కిందికి జారుతోందని రేడియో చెప్పింది. ఎక్కడ పడుతుందో కచ్చితంగా చెప్పలేమని ఆ సంస్థే అంటోంది. సూరమ్మ పొయ్యి దగ్గర ఆ మాట ఒక్కరికీ మింగుడు పడలేదు.

పేపరు చదివి వినిపించే సోమేశ్వరరావు అయితే మండిపడ్డాడు. "పైకి పంపినోలికి ఎక్కడ పడతాదో తెలీదేటి? అంతా తెలుసు. సెప్తే గోలయిపోద్దని దాచుతన్నారు. నిన్నోమాట, ఇయాలోమాట!"

అందరూ అవునన్నారు. భయపడుతూనే నవ్వారు, నవ్వుతూనే ఇంకో రెండు ఇడ్లీలు వేయించుకున్నారు. పోయేముందు కడుపైనా నిండాలి కదా!

పోలరాజుకు ఆ రోజులన్నీ నిద్రలో నడిచినట్టు గడిచాయి. మధ్యాహ్నం కునుకు పడితే చాలు, ఒకటే కల. మబ్బుల్లోంచి పొడవాటి గొలుసు దిగుతోంది. దాని చివర ఆ ఇనుప ఇల్లు ఊగుతోంది, చప్పుడు లేదు, తొందర లేదు. కింద ఊరంతా తలలెత్తి చూస్తోంది. పోలరాజు నోట్లో ఈల ఉంది, ఊపిరి మాత్రం ఆడదు. మెలకువ వచ్చాక కూడా కాసేపు ఏది కలో ఏది గదో తెలిసేది కాదు. సాయంత్రం కార్ఖానాలో కరిగిన ఇనుప మడ్డి, స్లాగ్, కుమ్మరిస్తే ఆకాశం ఎర్రబడేది. ఆ ఎరుపు కింద నిలబడి, పడేదేదో తన ఒక్కడి నెత్తిన పడితే బాగుండునని అనుకునేవాడు.

పన్నెండో తారీఖు పొద్దున రేడియో చెప్పింది. స్కైలాబ్ సముద్రంలోనూ, దూరాన ఆస్ట్రేలియాలోనూ ముక్కలై పడిందట.

"సూసారా! వోలికి ముందే తెలుసు" అన్నాడు సోమేశ్వరరావు.

సూరమ్మ గరిటె ఆపింది. "తెలీదంటే తెలీదనే సెప్పినారు గదా బావూ వోలు. మీరు నమ్మనేదు. నా ఇంటాయన పోయినప్పుడు తెలిసినోలు ఎవులైనా ఉంటే, వోలు నాకు ఏటీ సెప్పనేదు."

ఆమె ఎవరినీ చూసి అనలేదు. పోలరాజు చేతిలోని ఇడ్లీని ఆకులో పెట్టేశాడు. అందరూ వెళ్ళిపోయారు. అతను డ్యూటీకి పోకుండా అక్కడే నిలబడ్డాడు.

"వొదినా, అన్న తాగనేదు. బరువు ఊగకుండా తాడట్టుకుని తన జాగాలోనే ఉన్నాడు. గొలుసు సీలిపోయుంది. నాను సూసినాను. సూసీ గుడ్డ కట్టనేదు."

సూరమ్మ పొయ్యిలోంచి బొగ్గులు వెనక్కి లాగింది. తర్వాత, "తొమ్మిదేళ్ళు" అంది. "ఆయన తద్దినం కూడా తిట్టుకుంటానే పెట్టినాను. తాగి సచ్చి పిల్లని నా నెత్తిన ఎట్టినావని."

పోలరాజు ఆమె కాళ్ళమీద పడ్డాడు. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది. "నాకు సెప్తే సాలదు. తాగుబోతోడి కూతురని బడికాడ పద్మని ఏడిపిత్తారు. దానికీ నువ్వే సెప్పు."

అతను గడప పక్కనే కూర్చున్నాడు. మధ్యాహ్నం కాసిడీహ్ బడినుంచి పద్మకుమారి వచ్చింది. తండ్రి పోయినప్పుడు దానికి రెండేళ్ళు. భుజాన సంచీ దించకుండానే అంతా వింది.

"సచ్ బోల్ రహే హో?" అని, నిజమే చెబుతున్నావా అని, బడి హిందీలోనే అడిగింది. బాబాయి అన్నట్టు ఎప్పుడూ చివర చేర్చే 'చాచా' ఈసారి చేర్చలేదు.

"నిజమే తల్లీ" అన్నాడు. ఆ పిల్ల కళ్ళు నమ్మలేదు. పోలరాజుకు ఏడుపొచ్చింది గాని కోపం రాలేదు. మెల్లగా లేచి, వీధిలోకి వచ్చి, చుట్టుపక్కల వాళ్ళకు కూడా వినిపించేలా మళ్ళీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు.