బియ్యంలో రాసిన పేరు

స్టాన్‌మోర్ వెళ్లే ట్యూబు రైల్లో నా పక్కన ఒక నిండు గర్భిణి కూర్చుంది. నేను మా పాప పుట్టినరోజు కార్డు మీద పేరు రాస్తుంటే చూసి, బావుందంది.

"మియా. ఇక్కడ అందరికీ నోరు తిరగాలని పెట్టాం," అన్నాను.

ఆవిడకీ ఆడపిల్లేనట. పోయిన అమ్మమ్మ హీబ్రూ పేరు, నెఖామా, పెట్టుకోవాలని ఆశ. స్కూల్లో ఎవరికీ నోరు తిరగదని భర్త వద్దంటున్నాడు. పైగా వాళ్ల యూదుల ఇళ్లలో బిడ్డ పుట్టేదాకా పేరు బయటపెట్టకూడదు.

"అమ్మమ్మ పోయాక ఆ పేరు పిలవగా వినలేదు. మీరు మా వాళ్లు కాదు కదా, ఒక్కసారి అంటారా?" అని అడిగింది.

అన్నాను. మూడోసారికి ఆ మధ్య అక్షరం గొంతులోంచి సరిగ్గా వచ్చింది. ఆవిడ కళ్లు మూసుకుని కడుపు మీద చెయ్యి వేసుకుంది.

అప్పుడు నాకూ చెప్పాలనిపించింది. బారసాల రోజు మా పాపకి బియ్యంలో రాసింది మా అమ్మమ్మ పేరు, అలివేలు. ఆ తర్వాత ఆ పేరుతో దాన్ని ఎవరూ పిలవలేదు.

"మీరు కూడానా?" అంది.

అంతలో ఆవిడ స్టేషన్ వచ్చింది, దిగిపోయింది.

ఇప్పటికీ ఆ లైన్లో ఎవరైనా పాపని పిలుస్తుంటే, నెఖామా అంటారేమోనని చెవులు అటే పోతాయి. ఇంట్లో మాత్రం, మియా అన్నం తింటుంటే ఒక్కోసారి "అలివేలూ" అని పిలుస్తాను.

అది తలెత్తి, "హూ ఈజ్ దట్, మమ్మీ?" అంటుంది.